చిన్న ఔట్‌బోర్డ్ మోటారుకు విడి పెట్రోలు ట్యాంకు ఎలా తగిలించాలి

నీళ్ళ మధ్యలో పడవ ఊగుతుంటే, ఒక చేత్తో గరాటు పట్టుకుని, రెండో చేత్తో క్యాను వంచి, అప్పటిదాకా తిరిగి సెగలు కక్కుతున్న ఇంజను పక్కనే పెట్రోలు పోయాలంటే నాకు ఎప్పుడూ గుండె దడే. కొంత ట్యాంకులో పడుతుంది, కొంత ఇంజను మీద, మిగతాది నీళ్ళపాలు. అందుకే పడవ వెనక బిగించే చిన్న ఔట్‌బోర్డ్ మోటారు వాడేవాళ్ళు ఎవరు అడిగినా విడి ట్యాంకు పెట్టుకోమనే చెప్తాను. కాకపోతే వెంటనే ఇంకో మాట కూడా చెప్తాను. ట్యాంకు కొనడం ఆఖరి పని, ముందు మీ మోటారు పెట్రోలును తనే లాక్కుంటుందా, లేక పైనుంచి కిందికి జారినదాన్ని తీసుకుంటుందా అన్నది తేల్చుకోండి. మిగతా పనంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

అవసరం ఎంతో లెక్క చూద్దాం. 2 నుంచి 3.5 హెచ్‌పీ మోటార్ల మీద ఉండే ట్యాంకులో పట్టేది సుమారు ఒక లీటరు, 4 నుంచి 6 హెచ్‌పీ వాటిలో అయినా లీటరు, లీటరుంపావు, మహా అయితే లీటరున్నర. ఫోర్‌స్ట్రోక్ మోటారు ఫుల్ థ్రాటిల్‌లో ఒక్కో హెచ్‌పీకి గంటకు దాదాపు 0.4 లీటరు తాగుతుందనుకోండి. అంటే 2.5 హెచ్‌పీ గంటకు లీటరు, 5 హెచ్‌పీ గంటకు రెండు లీటర్లు. 5 హెచ్‌పీ మోటారు మీది ట్యాంకు ముప్పావు గంటకి మించి రాదన్నమాట. అదే 12 లీటర్ల విడి ట్యాంకు ఉంటే ఆరు గంటలు. బరువు కూడా భయపడేంత కాదు, లీటరు పెట్రోలు ముప్పావు కిలోకి కొంచెం తక్కువే తూగుతుంది కాబట్టి నిండు ట్యాంకు పది, పదకొండు కిలోలు ఉంటుంది. చిన్న పడవకి 25 లీటర్లది వద్దు, అంత బరువు వెనక ఒకే మూలన పడితే పడవ ముక్కు పైకి లేస్తుంది.

ముందు కవర్ తీసి చూడండి

మోటారు ఆపి, చల్లారాక, పై కవర్ తీయండి. మోటారు మీది ట్యాంకు అడుగు నుంచి బయల్దేరే పైపును వేలితో పట్టుకుని అలా వెంట వెళ్ళండి. ముందు ఒక చిన్న కాక్ వస్తుంది, పెట్రోలు తెరిచేది, మూసేది. దాని తర్వాత పైపు నేరుగా, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి ఇచ్చే కార్బురేటర్‌లోకి వెళ్ళిపోతే మీది పంపు లేని మోటారు, పెట్రోలు తన బరువుకి తనే జారుతోంది. అలా కాకుండా మధ్యలో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, నాలుగు స్క్రూలు బిగించి, ఒక పైపు లోపలికి ఒక పైపు బయటికి ఉండి కనిపిస్తే అది ఫ్యూయల్ పంపు. ఫోర్‌స్ట్రోక్‌లో చాలావాటికి సిలిండర్ హెడ్ కవర్ మీదే ఉంటుంది. కొన్నిటిలో కార్బురేటర్‌కే అతికించి ఉంటుంది, తొందరపడి లేదనుకోకండి.

తర్వాత మోటారు ముందు వైపు, కింది కవర్ మీద చూడండి. రబ్బరు టోపీయో ప్లాస్టిక్ టోపీయో తొడిగిన చిన్న ముక్కులాంటిది (బయటి పైపు తగిలించే కనెక్టర్) ఉందా? కాక్ లీవర్‌కి రెండు కాకుండా మూడు స్థానాలున్నాయా (మూసెయ్యడం, లోపలి ట్యాంకు, బయటి ట్యాంకు)? ఉంటే మీ అదృష్టం, విడి ట్యాంకుకి కావాల్సిన ఏర్పాటు కంపెనీయే చేసి పంపింది, మీకు కావాల్సింది ట్యాంకూ పైపూ మాత్రమే.

పంపు ఉండి బయటి కనెక్టర్ లేకపోతే పని కొంచెం పెరుగుతుంది, అంతే. చాలా కంపెనీలు 4, 5, 6 హెచ్‌పీ మోటార్లను ఒకే ఇంజను బ్లాకు మీద తయారుచేస్తాయి, పెద్దదానికి ఇచ్చిన కాక్, కనెక్టర్ చిన్నదానికి ఇవ్వరు. మోటారు బిగింపు దగ్గర ఉండే ప్లేటు మీద మోడల్ నంబరు చూసి, ఆ నంబరుతో పార్టుల బొమ్మ తీసి, పక్క మోడల్ బొమ్మతో పోల్చండి. తేడా ఆ మూడు దారుల కాక్, ఒక కనెక్టర్, రెండు పైపు ముక్కల దగ్గరే ఉంటే ఒరిజినల్ పార్టులు తెప్పించుకుని బిగించుకోవచ్చు. లోపలి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, పాత కాక్ తీసి, కొత్తది పెట్టి, బయటి కనెక్టర్‌ను కింది కవర్‌కి బిగించండి. పైపు ఫ్లైవీల్‌కీ, థ్రాటిల్ తీగకీ, సైలెన్సర్ వైపు వేడి భాగాలకీ తగలకుండా పోవాలి. కవర్‌లో చిల్లు చేయాల్సి వస్తే అంచు పైపును కోయకుండా చిల్లుకి తొడిగే రబ్బరు రింగు (గ్రోమెట్) తప్పనిసరి. కాక్ మూడు స్థానాల్లోనూ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూశాకే కవర్ వేయండి.

పంపు లేని మోటారయితే

ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే.

మోటారు మీది ట్యాంకు కార్బురేటర్‌కి ఓ జానెడు ఎత్తులో ఉంటుంది. ఆ జానెడు పెట్రోలు బరువుకి తగ్గట్టే కార్బురేటర్ లోపలి ఫ్లోటు (పెట్రోలు మట్టంతో పాటు తేలేది), దాని సూది (మట్టం చాలినప్పుడు దారి మూసేది) తయారుచేస్తారు. ఆ ఒత్తిడి (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లో చెప్పే లెక్కలో) పావు పీఎస్‌ఐ కూడా ఉండదు. మీరు విడి ట్యాంకు పైపు తెచ్చి నేరుగా కార్బురేటర్‌కి తగిలించి, దాని మధ్యలో ఉండే, చేత్తో నొక్కి పెట్రోలును ముందుకి తోసే రబ్బరు బల్బు నొక్కారనుకోండి, చేతి నొక్కుడికి వచ్చే ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. సూది ఆగలేదు. పెట్రోలు కార్బురేటర్ నిండి బయటికి కారుతుంది, లేదా సిలిండర్‌లోకి పోయి, అక్కణ్ణించి ఫోర్‌స్ట్రోక్ అయితే ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పలచబడి పెట్రోలు వాసన కొడుతుంది. అలాంటి ఆయిలుతో ఇంజను నడిపితే లోపల అరిగిపోవడమే.

పోనీ విడి ట్యాంకును మోటారు కన్నా ఎత్తులో, సీటు మీదో పెట్టెమీదో పెడితే? జారుతుంది నిజమే. కానీ పైపు ఎక్కడ ఊడినా, సూది కొంచెం కారినా, పన్నెండు లీటర్లూ ఆగకుండా పడవ అడుగుకి దిగుతాయి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, పడవ అడుగున చెరువులా నిలుస్తుంది, సున్నాకి 40 డిగ్రీల కింద కూడా అంటుకునే గుణం దానిది. ఈ పద్ధతి మాత్రం ఎవరు చెప్పినా వినకండి.

ఇంకో ఉపాయం జనరేటర్ల నుంచి వచ్చింది. ట్యాంకు మూతకి కనెక్టర్ పెట్టి, గాలి చొరకుండా మూసేసి, విడి ట్యాంకు పైపు దానికి తగిలిస్తారు, లోపలి పెట్రోలు తగ్గేకొద్దీ ఏర్పడే వాక్యూమ్ బయటి నుంచి పెట్రోలు లాక్కొస్తుంది. ఆ జనరేటర్లలో అది ఎందుకు పనిచేస్తుందంటే వాటికి పంపు ఉంది కాబట్టి. పంపు లేని మోటారులో అలా చేస్తే ఆ వాక్యూమ్ కార్బురేటర్‌కి జారే పెట్రోలునే పట్టి ఆపేస్తుంది, కింద ఉన్న ట్యాంకు నుంచి పైకి లాగేంత బలం దానికి రాదు, మోటారు కొద్దిసేపట్లోనే ఊపిరాడక ఆగిపోతుంది.

క్రాంక్‌కేస్‌కి (ఇంజను లోపలి ఇరుసు తిరిగే పెట్టె) చిల్లు పెట్టి, దాని పీడనంతో నడిచే పల్స్ పంపు బిగించేవాళ్ళూ ఉన్నారు. అల్యూమినియం రజను లోపల పడితే ఇంజను పోయినట్టే, పైగా పంపు ఒత్తిడికి ఆ పాత సూది ఆగుతుందన్న నమ్మకం లేదు. నేనయితే చేయను, మిమ్మల్నీ చేయమనను.

మరి దారి ఏమిటంటే, విడి ట్యాంకును మోటారుకి కలపకుండా, మోటారు మీది ట్యాంకు నింపడానికి వాడుకోవడమే. ట్యాంకు పడవ అడుగున కట్టేసి ఉంటుంది. దాని నుంచి రబ్బరు బల్బు ఉన్న పైపు, పైపు చివర చిన్న కాక్. మోటారు ఆపి, కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి, మూత తీసి, పైపు చివర లోపల పెట్టి, కాక్ తెరిచి, బల్బు ఒక్కో నొక్కు నొక్కుతూ పోండి. ట్యాంకు కిందే ఉంది కాబట్టి మీ చెయ్యి ఆగితే పెట్రోలు కూడా ఆగుతుంది, వంచిన క్యాను అలా ఆగదు. గరాటు అక్కర్లేదు, బరువు ఎత్తక్కర్లేదు, పడవ ఊగినా ఒలకదు. చూడ్డానికి గొప్పగా ఉండదు గానీ పంపు లేని మోటారుకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు.

పైపు, బల్బు, కనెక్టర్లు

ఇక్కణ్ణించి పంపు ఉన్న మోటారు సంగతి. పంపు లేనివాళ్ళు కూడా పైపు గురించి చదవండి, నియమాలు ఒకటే.

పైపు దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. మొక్కలకి నీళ్ళు పట్టే పైపు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు మొదట్లో బాగానే ఉంటాయి, తర్వాత పెట్రోలుకి గట్టిపడి, కొస దగ్గర పగిలి, గాలి లాగడం మొదలెడతాయి. పడవల పెట్రోలు పైపు మీద అచ్చు ఉంటుంది: ఐఎస్‌ఓ 7840 గానీ ఐఎస్‌ఓ 8469 గానీ, లేదా బీ1-15, ఏ1-15 లాంటి గుర్తు. ఆ 15 అంటే ఆవిరి గోడలోంచి బయటికి చాలా తక్కువగా ఊరే రకం. పెట్రోలులో ఇథనాల్ కలిసి వచ్చే చోట ఇంకా జాగ్రత్త, పాతరకం రబ్బరుని అది మెత్తబరిచి లోపల పొరలు ఊడదీస్తుంది, ఆ పొరలు వచ్చి కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో, కూర్చుంటాయి. చిన్న మోటార్లకి లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు సరిపోతుంది, మీ కనెక్టర్ ముక్కు 8 అయితే 8 తీసుకోండి.

మోటారు వైపు కనెక్టర్ కంపెనీని బట్టి మారుతుంది. యమహాది ఒకలా, టొహాట్సుది ఒకలా, హోండా, సుజుకి, మెర్క్యురీ ఎవరి దారి వాళ్ళది. చూడ్డానికి ఒకేలా ఉండి, కూర్చున్నట్టే కూర్చుని, లోపల సగమే తెరుచుకునేవి ఉంటాయి. మోడల్ నంబరు చెప్పి తీసుకోండి. ట్యాంకు వైపు పావు అంగుళం మర ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మర బిగించేటప్పుడు నల్లా అతుకులకి చుట్టే తెల్ల టేపు చుట్టకండి, దాని పోగులు తెగి లోపలికి పోతాయి, పెట్రోలుకి తట్టుకునే సీలెంట్ కొంచెం, అదీ మొదటి చుట్టు వదిలేసి రాయండి.

పైపును కొత్త బ్లేడుతో అడ్డంగా, ఏటవాలు రాకుండా, ఒకే కోతలో కోయండి. రంపంతో కోస్తే రబ్బరు పొట్టు లోపల మిగులుతుంది. ముక్కు మీదికి ఎక్కకపోతే కొసను కాసేపు వేడినీళ్ళలో ముంచి, తుడిచి ఎక్కించండి, గ్రీజూ వద్దు, నిప్పు అసలే వద్దు. క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువి, పైపు సైజుకి సరిగ్గా సరిపోయేవి. ప్లాస్టిక్ టై బిగిస్తే రెండు వైపులా లాగుతుంది గానీ చుట్టూ సమానంగా పట్టదు, గాలి దారి అక్కడ మిగులుతుంది.

వరస ఇది: ట్యాంకు, దాని దగ్గరగా బల్బు, తర్వాత ఫిల్టరు (మోటారులో ఇప్పటికే ఉన్నా సరే, కంటికి కనబడే చోట ఒకటి ఉంటే నీళ్ళూ చెత్తా ముందే తెలుస్తాయి), ఆ తర్వాత మోటారు కనెక్టర్. బల్బు మీద బాణం గుర్తు ఉంటుంది, అది మోటారు వైపు చూడాలి. ఫిల్టరు మీదా అంతే.

పైపు పొడవు కొలిచేటప్పుడు మోటారును ఊరికే నిలబెట్టి కొలవకండి. పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి, పైకి వంచి కొలవండి. మరీ చిన్న మోటార్లలో చాలావాటికి రివర్స్ గేరు ఉండదు, వెనక్కి పోవాలంటే మోటారునే గుండ్రంగా తిప్పేస్తాం. అప్పుడు పైపు మోటారు మెడకి చుట్టుకుంటుంది. పొడవు చాలకపోతే కనెక్టర్ ఊడుతుంది, మరీ ఎక్కువైతే కాళ్ళకి తగులుకుంటుంది.

ట్యాంకు పెట్టడం, నింపడం

ట్యాంకు మోటారు కన్నా కిందే, పడవ అడుగున ఉండాలి. మోటారులోని చిన్న డయాఫ్రమ్ పంపు (రబ్బరు పొర ఊగి లాగేది) ఎక్కువ ఎత్తుకి లాగలేదు కాబట్టి అటు మరీ లోతులోనూ వద్దు. బెల్టుతో కట్టేయండి, పది కిలోల ట్యాంకు అలలకి జారితే కాళ్ళకి తగలడం సంగతి అటుంచి, పైపును కనెక్టర్ నుంచి పీకేస్తుంది. బ్యాటరీ ఉంటే దానికి దూరంగా. ఎండ నేరుగా పడకుండా.

నింపడం మాత్రం పడవలో కాదు. ట్యాంకును గట్టు మీద నేలకి ఆనించి, నాజిల్ లోహం ట్యాంకు మూతి అంచుకి ఆని ఉండేలా పట్టుకుని నింపండి, స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టకుండా. పూర్తిగా నింపకండి, పదోవంతు ఖాళీ ఉంచితే ఎండకి పెట్రోలు వ్యాకోచించినా చోటుంటుంది. టూస్ట్రోక్ మోటారయితే ఆయిలు కలపడం మరిచిపోవద్దు: 50:1 అయితే 12 లీటర్లకి 240 మిల్లీలీటర్లు. మీ మోటారుకి ఏ పాళ్ళో దాని పుస్తకంలో చూసి, ఆ లెక్క ట్యాంకు మీదే పెద్దక్షరాలతో రాసిపెట్టండి. ఫోర్‌స్ట్రోక్‌కి ఉత్త పెట్రోలే.

మూత మీది గాలి స్క్రూ గురించి చెప్పకపోతే ఈ గైడు దండగ. ట్యాంకులోంచి పెట్రోలు పోతుంటే ఆ చోటికి గాలి రావాలి. స్క్రూ మూసి ఉంటే మోటారు చక్కగా స్టార్టయి, కొన్ని నిమిషాలు తిరిగి, సరిగ్గా మీరు గట్టుకి దూరమయ్యాక ఆగిపోతుంది. బల్బు చూస్తే రెండు వైపులా అతుక్కుపోయి చప్పిడిగా ఉంటుంది. స్క్రూ తిప్పగానే బుస్సుమని గాలి లాక్కుంటుంది. నడిపేటప్పుడు తెరవండి, మోసేటప్పుడు, దాచేటప్పుడు మూయండి.

కొత్తరకం ట్యాంకులకి ఈ స్క్రూ ఉండదు. అమెరికాలో 2011 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం పోర్టబుల్ ట్యాంకు లోపలి ఆవిరిని 5 పీఎస్‌ఐ దాకా పట్టి ఉంచాలి, గాలి మాత్రం లోపలికి తనంతట తనే వస్తుంది. అందుకే ఎండలో అవి గుమ్మడికాయలా ఉబ్బుతాయి, చూసి కంగారు పడకండి. కంగారు పడాల్సింది, అలా ఉబ్బిన ట్యాంకును నేరుగా మోటారుకి తగిలించినప్పుడు. ఆ ఒత్తిడి మొత్తం కార్బురేటర్ మీద పడుతుంది. ముందు మూత నెమ్మదిగా వదులు చేసి గాలి పోనిచ్చి, మళ్ళీ బిగించి, అప్పుడు పైపు తగిలించండి. డిమాండ్ వాల్వు అని ఒకటి దొరుకుతుంది, మోటారు లాగితేనే పెట్రోలు వదిలేది, ఇలాంటి ట్యాంకు ఉన్నవాళ్ళు అది పెట్టించుకుంటే ఈ బాధ తీరుతుంది.

మొదటిసారి నడిపి చూడటం

గట్టుకి కట్టేసి ఉన్నప్పుడే చేయండి. మోటారును కింది భాగం నీళ్ళలో ఉండేలా దించండి. గాలి స్క్రూ తెరిచి, పైపు రెండు వైపులా క్లిక్ మనేదాకా నొక్కి, కాక్ లీవర్ బయటి ట్యాంకు వైపు తిప్పండి. బల్బును బాణం పైకి చూసేలా నిలువుగా పట్టుకుని నొక్కండి, లోపలి చిన్న వాల్వులు అలా పట్టుకుంటేనే బాగా కూర్చుంటాయి. మొదటి నాలుగైదు నొక్కులు ఉత్త గాలే, తర్వాత అరచేతిలో బరువు తెలుస్తుంది, ఆ తర్వాత కొంచెం పచ్చి జామకాయలా గట్టిపడుతుంది. అక్కడ ఆపండి. ఇంకా బలం పెట్టి నొక్కితే కార్బురేటర్ పొంగుతుంది.

బల్బు గట్టిగా ఉన్నప్పుడే తెల్ల టిష్యూ కాగితం తీసుకుని ఒక్కో అతుకు దగ్గర చుట్టి చూడండి, కవర్ తీసి లోపలి అతుకులు కూడా. చుక్కంత తడి ఉన్నా సరే, స్టార్ట్ చేయొద్దు. ఈ పని చేసి తీరాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, నాకొకసారి మోటారు నెమ్మదిగా నడిపితే బాగుండి, థ్రాటిల్ పెంచగానే దగ్గి ఆగిపోయేది. ప్లగ్గు మార్చాను, కార్బురేటర్ రెండుసార్లు విప్పాను, పెట్రోలు పారబోసి కొత్తది పోశాను. ఎక్కడా కారడం లేదు కదా, పైపు బాగానే ఉందనుకున్నాను. చివరికి బల్బు గట్టిగా నొక్కి పట్టుకుని కనెక్టర్ వైపు చూస్తే, అంచున ఆవగింజంత చుక్క నెమ్మదిగా ఊరింది. తీసి చూస్తే లోపలి ఓ-రింగ్ మీద గోటిగీతంత కోత. మోటారు నడిచేటప్పుడు పైపులో ఉండేది లాగుడు, తోపుడు కాదు. అందుకని అలాంటి కోతలోంచి పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కారకపోయినంత మాత్రాన బాగున్నట్టు కాదు. చిన్న రబ్బరు రింగు మార్చగానే మోటారు మామూలైపోయింది, అప్పట్నించి రెండు ఓ-రింగులు ఎప్పుడూ పడవ పెట్టెలో ఉంచుతాను.

స్టార్టయ్యాక పావుగంటైనా బయటి ట్యాంకు మీదే నడపండి. కార్బురేటర్‌లోనూ పైపులోనూ మిగిలిన పెట్రోలుతో కొన్ని నిమిషాలు ఎలాగూ తిరుగుతుంది, దాన్ని చూసి పని అయిపోయిందనుకోవద్దు. కట్టు గట్టిగా ఉంటే గేరులో పెట్టి థ్రాటిల్ కొంచెం పెంచి కూడా చూడండి. ఆగిపోతే ముందు బల్బు చూడండి: అతుక్కుపోయి ఉంటే ట్యాంకుకి గాలి రావట్లేదు లేదా ట్యాంకు లోపలి జల్లెడ మూసుకుపోయింది, మెత్తబడి, నొక్కగానే మోటారు మళ్ళీ పుంజుకుంటే ఎక్కడో గాలి లాగుతోంది లేదా పంపు డయాఫ్రమ్ అలసిపోయింది, ఎంత నొక్కినా గట్టిపడకపోతే పెట్రోలు ఎక్కడికో పోతోంది, వెంటనే కవర్ తీసి వాసన చూడండి.

లోపలి ట్యాంకును మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉంచుకోండి. విడి ట్యాంకు దగ్గర ఏ గొడవొచ్చినా లీవర్ తిప్పి ఒడ్డు చేరడానికి ఆ లీటరు చాలు. ఎక్కువకాలం వాడకపోతే అందులోది తీసి కొత్తది పోయండి.

తిరిగొచ్చాక మోటారు ఆపకుండానే ముందు కనెక్టర్ ఊడదీయండి, కార్బురేటర్‌లో మిగిలింది తాగేసి తనే ఆగిపోతుంది, జిగురు పట్టదు. గాలి స్క్రూ మూసి, ట్యాంకును పడవలోంచి తీసి నీడలో పెట్టండి. పైపును మడిచి నొక్కకుండా వదులుగా చుట్టండి, చుట్టేటప్పుడే వేళ్ళతో తడుముతూ పోండి: జిగురుగా తగిలినా, వంచితే సన్నని పగుళ్ళు కనబడినా, బల్బు మీద తెల్లగా చారలు వచ్చినా, ఆ పైపుతో మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళకండి, కొత్తది వేశాకే వెళ్ళండి.